కర్త కానరాని వాక్యము: ఆంగ్ల శాసనభాషయు మన గోదావరి మన్యమును

ఆంగ్లమున నొక వాక్యరీతి కలదు. సంభాషణమున జనులు దానిని అంతగా వాడరు. వ్రాతలో, అందును శాసనములలో, తీర్పులలో, ప్రభుత్వోత్తరువులలో నది అడుగడుగునను కానవచ్చును. క్రియను కర్మణి ప్రయోగమున నిలిపి, దాని వెంట ‘టు’ అను మాటతో మఱియొక క్రియను, మన తుమున్నంతమును బోలిన రూపమున, తగిలింతురు. ‘హీ ఈజ్ సెడ్ టు బి రిచ్’, ‘హీ ఈజ్ ఆర్డర్డ్ టు పే’, ‘ఇట్ షల్ బి డీమ్డ్ టు బి ఫారెస్ట్’ అనునవి యీ జాతి వాక్యములు. మొదటిదానిని మన యిండ్లలో పదేండ్ల పిల్లయు ఒక్క చిన్నమాటతో చెప్పివైచును: ‘వాడు ధనవంతుడట.’ రెండవదానికి ‘వాడు చెల్లింపవలెనని యుత్తరువు’ అందుము. మూడవదానికి మాత్రము మనకు నోటిమాట లేదు. ‘అది అడవిగా భావింపబడును’ అని పుస్తకములలో వ్రాసికొనుచున్నాము. భావించువాడెవ్వడు? ఆ ప్రశ్నకు వాక్యము బదులు చెప్పదు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది యీ మూడవ వాక్యమును గూర్చియే. దాని యందు కర్త లోపించుట వ్యాకరణమునకు చిన్న విషయము. భద్రాచలము, పాల్వంచ ప్రాంతములందలి కోయలకును కొండరెడ్లకును నది నూటయేబది యేండ్లుగా భూమి విషయము.

మొదట వ్యాకరణమును కొంచెము చూతము. సంస్కృతము చదివినవారికి తుమున్ ప్రత్యయము పరిచితమే. ఇచ్ఛార్థక ధాతువులతో తుమున్ రావలెనన్న రెండు క్రియలకును కర్త యొక్కడే కావలయునని పాణిని నియమము. ‘భోక్తుమ్ ఇచ్ఛతి’ యన్నచో తినగోరువాడును తినువాడును ఒక్కడే. ‘రాముడు పోయెనని జనులు చెప్పుదురు’ అను చోట పోయినవాడు వేఱు, చెప్పువారు వేఱు. అందుచేత సంస్కృతము తుమున్నును వాడక ‘గత ఇతి శ్రూయతే’ అని ‘ఇతి’ శబ్దముతో రెండు వాక్యములను వేఱుపఱచి నిలుపును. మన ‘అని’, ‘అట’ యనునవి చేయు పనియు నిదియే. ఆంగ్లము అట్లు గాక రెంటిని ఒక్కటిగా కుట్టివైచును. ‘రామా ఈజ్ సెడ్ టు హావ్ గాన్’ అనునపుడు చెప్పబడినవాడు వాక్యమునకు రాజై సింహాసనమున కూర్చుండును. చెప్పినవారు తలుపుచాటున నుందురు. సంస్కృతమున ‘కర్తుం శక్యతే’ యని తుమున్నంతముతో కర్మణి క్రియ లేకపోలేదు. కాని అచ్చట తుమున్నంతమునకు కర్మణి రూపమును లేదు, కాలభేదమును లేదు. ఆంగ్లమునకు రెండును కలవు. ‘టు బి టేకెన్’ అనవచ్చును, ‘టు హావ్ బీన్ టేకెన్’ అనవచ్చును. ఈ రెండవరూపము భూతకాలములోనికి చేయి చాపగలదు. ఆ చేయి యెంత పొడవైనదో ముందు చూడగలము.

ఈ రీతి ఆంగ్లేయుల సొంత సృష్టి కాదు. లాటిను భాషలో ‘డికిటుర్ ఎస్సే’ యని యిట్టి వాక్యములు మెండు. పాఠశాలలలో దానికొక ప్రత్యేక ప్రకరణమే యుండెడిది. ఇంగ్లండున శాసనములు లాటినులోను, పిదప నార్మను ఫ్రెంచిలోను శతాబ్దముల పర్యంతము వ్రాయబడుటచే నీ అలవాటు శాసనాంగ్లమునకు వచ్చెను. కాని ‘డీమ్’ అను క్రియ మాత్రము అచ్చమైన ప్రాచీనాంగ్లపదము. ‘తీర్పు చెప్పుట’ దాని మొదటి యర్థము. ‘డూమ్’ అను మాట దానికి తోబుట్టువు. విజేతయగు విలియము 1086వ సంవత్సరమున ఇంగ్లండు భూములన్నిటిని గుఱించి వ్రాయించిన లెక్కపుస్తకమునకు జనులు ‘డూమ్స్‌డే బుక్’ అని పేరిడిరి. అందు వ్రాసినది తుదితీర్పువలె మాఱనిదని వారి భావము. కనుక ‘డీమ్డ్ టు బి’ యన్నచో వట్టి భావన కాదు. ఎవ్వడో ఒకడు తీర్పు చెప్పినాడని యర్థము. మనము ‘భావింపబడును’ అని తెనుగు చేయగనే ఆ తీర్పరి మాయమగుచున్నాడు.

‘ప్రిజ్యూమ్’ అనునది వేఱు జాతి. ముందుగా చేజిక్కించుకొనుట యని దాని లాటినుమూలార్థము. సాక్ష్యము రాకముందే న్యాయాధికారి యొక నిర్ణయమునకు వచ్చి నిలుచును. ఎదిరిపక్షమువాడు కాదని నిరూపించినచో దిగివచ్చును. 1872 నాటి సాక్ష్యశాసనము ఇందు మూడు మెట్లు కట్టెను: న్యాయస్థానము ఊహింపవచ్చును, ఊహించి తీరవలెను, ఇక నెదురుసాక్ష్యమే కూడదు. ఆ శాసనము 2024 జూలై 1 నుండి రద్దయి, దాని స్థానమున 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఆ మూడు మెట్లు చెక్కుచెదరలేదు.

ఇట్టి కల్పనలు మన శాస్త్రములకు క్రొత్త గావు. ఒక వర్ణమునకో ధాతువునకో మఱియొకటి ఆదేశముగా వచ్చినపుడు, ఆదేశమును స్థానివలె నెంచవలెనని పాణిని విధించెను. వెంటనే ఏయే విధులందు అట్లెంచరాదో కూడ చెప్పెను. కొన్ని సూత్రముల ఫలము ముందున్న సూత్రముల దృష్టిలో జరుగనట్లే యుండునని యసిద్ధత్వమును గూడ కల్పించెను. శాసనములలో ‘ఈ చట్టపు ప్రయోజనములకొఱకు మాత్రమే’ యనుట, ‘ఆ విక్రయము చెల్లదు, జరుగనట్లే’ యనుట వీనికి సరిగా జోడు. భేద మొక్కటే: పాణిని కల్పన శబ్దములపైన, శాసనకర్త కల్పన మనుజుల పొలములపైన.

తెనుగు సంగతి రెండు మాటలలో ముగింతును. ‘బడు’ ప్రయోగము మన గ్రంథములలో కలదు, మన నోళ్లలో లేదు. వంటింటిలో ‘అన్నము వండబడినది’ యని యే యిల్లాలును అనదు. ‘అన్నమైనది’ అనును, ‘వండితిని’ అనును. ‘పడు’ ధాతువు మన వాడుకలో భయపడుట, కష్టపడుట, దెబ్బలు పడుట మొదలగు వానియందే హాయిగా నిలుచును. అనుభవించువానిని అది చూపును, చేసినవానిని చూపదు. శాసనానువాదకులు దీనినే చేపట్టుట నాకు వింతగా తోచదు, విచారకరముగా మాత్రము తోచుచున్నది.

ఇక చరిత్రకు వత్తము. గోదావరి యెడమగట్టు నందలి భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860 నాటి సంధివలన నిజాము చేతినుండి ఆంగ్లేయుల వశమాయెను. మొదట నవి మధ్యపరగణాలలోని యెగువ గోదావరి జిల్లాలో చేరియుండెను. 1874లో వానిని చెన్నపురి రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపిరి. కుడిగట్టున పాల్వంచ సంస్థానము మాత్రము నిజాము రాజ్యముననే యుండెను. ఇట్లు నది రెండు దొరతనములకు మాత్రమే గాక రెండు శాసనభాషలకును ఎల్లయయ్యెను. ఎడమగట్టున ‘డీమ్డ్ టు బి’ యనిరి; కుడిగట్టు కచేరీలలో ఉర్దూలో ‘తసవ్వుర్ కియా జాయేగా’ యనిరి. అదియు కర్మణి ప్రయోగమే! రెండు గట్టుల కోయలును ఇంట కోయభాషయు సంతలో తెనుగును మాటలాడుకొనుచు, తమ్మును గూర్చి రెండు పరభాషలలో కర్త లేకుండ వ్రాయబడుచున్న సంగతి నెఱుగక యుండిరి.

1874లోనే షెడ్యూల్డు జిల్లాల శాసనము వచ్చెను. మైదానపు శాసనములు మన్యమున తమంత తాము చెల్లవు. ప్రభుత్వము ప్రకటించిన మేరకే చెల్లునని దాని సారము. రక్షణకు మంచి యేర్పాటే. కాని మైదానపు కోర్టుల చేయి మన్యమునకు తాకకుండ అది యాపలేదు. వర్తకులు కొండవారితో అన్యాయపు పత్రములు వ్రాయించుకొని దిగువ కోర్టులలో దావాలు వేసెడివారు. ప్రతివాదికి సమను పోవును. 1908 నాటి వ్యవహారస్మృతిలోని నమూనా సమనులోను ‘యు ఆర్ హియర్‌బై సమ్మన్డ్ టు అపియర్’ అని మన వాక్యమే కానవచ్చును. రానిచో నీ పరోక్షమున విచారణ జరుగునని దాని తోక. అడవిదారిన దినములతరబడి నడచి, తెలియని భాషలో, తెలియని యధికారి యెదుట నిలుచుట కొండవానికి శక్యమా? వాడు పోలేదు. ఏకపక్షపు డిక్రీ వచ్చెను. ‘ఆర్డర్డ్ టు పే’ యని మఱల నదే వాక్యము. పశువులు జప్తు అయ్యెను. 1879 మార్చిలో పుట్టిన రంప పితూరీకి కల్లుపన్ను, మన్సబుదారుని దౌర్జన్యము, పోలీసుల పీడనలతోపాటు ఈ డిక్రీలు నొక కారణమని నాటి ప్రభుత్వ విచారణయే తేల్చెను. ఆ పితూరీ రేకపల్లికి ప్రాకుటకు మఱియొక కారణము తోడయ్యెను. మధ్యపరగణాలనుండి చెన్నపురి పాలనకు మాఱినపిదప అచ్చట పోడుపై పన్ను పెఱిగెను. కొన్ని తావులలో పోడు కొట్టుటయే నిషిద్ధమయ్యెను. తరతరములుగా తాత నఱికిన కొండవాలును మనుమడు నఱుకగా నేరమైనది. ఎవ్వరు చేసిరి నేరముగా? ‘ఇట్ ఈజ్ ఫర్బిడెన్ టు కట్.’

మూడేండ్లకు, 1882లో, చెన్నపురి అటవీశాసనము పుట్టెను. ఒక భూమిని రిజర్వు అడవి చేయదలచుచున్నామని ప్రభుత్వము ప్రకటించును. హక్కులున్నవారు గడువులోపల వచ్చి చెప్పుకొనవలెను. చెప్పుకొననివారి హక్కు చచ్చును. ఈ శాసనములోని యొక నియమమును చదువరులు శ్రద్ధతో చూడవలెను. ఏదేని అటవీద్రవ్యము ప్రభుత్వముదా కాదా యను వివాదము వచ్చినపుడు, కాదని నిరూపణమగు వఱకు నది ప్రభుత్వముదేయని ఊహింపబడవలెను: ‘షల్ బి ప్రిజ్యూమ్డ్ టు బి’. 1927 నాటి భారత అటవీశాసనములోను ఈ నియమమే కలదు. దీని యర్థమేమి? ఒక కోయ పడుచు వెదురుమోపు తలకెత్తుకొని వచ్చుచున్నది. అధికారి యాపెను. ఆ వెదురు సర్కారు అడవిదని అధికారి నిరూపింపనక్కఱలేదు. తన పెరటిదని యామెయే నిరూపింపవలెను. పెరటికి పట్టా లేదు. వెదురునకు పేరు లేదు. ఆమె చేతిలో కాగితము లేదు, కాగితము చదువు నేర్పును లేదు. చిన్న కర్మణిక్రియ, దాని వెంట ఒక ‘టు బి’: వాని బరువు వెదురుమోపు కంటె నెక్కువ.

ఇచ్చట నొక్క విషయాంతరము. తొమ్మిదవ తరగతి బాలురకు ప్రయోగభేదములు నేర్పునపుడు నేను ‘దే మేడ్ హిమ్ వర్క్’ అను వాక్యమును మార్పింతును. కర్తరి ప్రయోగమున ‘టు’ ఉండదు. కర్మణిలోనికి రాగానే ‘హీ వజ్ మేడ్ టు వర్క్’ అని ‘టు’ వచ్చి కూర్చుండును. పని చేయించినవాడు వాక్యమునుండి వెడలిపోగా వాని చోట ఈ బంట్రోతు నిలిచినట్లుండును. ఒకనాడు వెనుకవరుస నుండి యొక కోయబాలుడు లేచి ‘ఎవరు చేయించినారు సార్, అది రాయక్కఱలేదా?’ యని యడిగెను. పరీక్షలో రాయకున్నను మార్కులు వచ్చునని చెప్పితిని. వ్యాకరణము ప్రకారము అది సరియైన యుత్తరమే. కాని వాని ప్రశ్న వ్యాకరణము కంటె పెద్దది. 1922లో గూడెము మన్యమున బాటలు వేయుటకు గిరిజనులచే బలవంతముగా పని చేయించిరి. ఆ యేడు ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పోలీసుఠాణాలపై దాడికి లేచుటకు నదియు నొక కారణము. కుడిగట్టున నిజాము రాజ్యములో వెట్టిచాకిరి యెంత ఘోరమో తెలంగాణమువారికి చెప్పనక్కఱలేదు. ‘చేయించు’ నను మన ప్రేరణక్రియ చేయించినవానిని అడుగకయే పట్టియిచ్చును. అది మన భాషకున్న గొప్ప సౌకర్యము. దానిని విడిచి ‘పని చేయింపబడిరి’ యని వ్రాయువారిని జూచిన నాకు కోపము వచ్చును.

పితూరీలు కలిగించిన భయమువలననో, కొందఱు అధికారుల ధర్మబుద్ధివలననో, 1917లో చెన్నపురి ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూబదలాయింపు శాసనమును చేసెను. కొండజాతివాని భూమి కొండజాతివానికే పోవలెను. అన్యునికి పోవలెనన్న ఏజెంటుయొక్కయో, అధికారము గల యుద్యోగియొక్కయో వ్రాతపూర్వకమగు ముందనుమతి కావలెను. లేనిచో ఆ బదలాయింపు చెల్లదు. అప్పుపై వడ్డీ నూటికి ఇరువదినాలుగు మించరాదు, చక్రవడ్డీ కూడదు. మంచి శాసనమని చెప్పక తప్పదు. అయినను భూమి జాఱిపోవుట ఆగలేదు. కోయవాడు ‘ఇది నా భూమి, నానుండి పోయినది’ యని నిరూపించిన గదా శాసనము వానికి తోడుపడును! ఆ నిరూపణభారము వానిదే. కాగితము షావుకారుదగ్గఱ నుండెను.

ఈ చిక్కును విప్పుటకు దేశమునకు ఏబదిమూడేండ్లు పట్టెను. 1959లో ఆంధ్రప్రదేశ షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధనము వచ్చెను. భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలు తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు వచ్చినదియు నాయేడే. నిబంధనము మొదట ఆంధ్రభాగమునకే చెల్లెను. 1963లో తెలంగాణపు షెడ్యూల్డు ప్రాంతములకు గూడ విస్తరించెను. నదికి రెండు గట్టుల నొక్క శాసనవాక్యము పాఱుట అప్పుడు మొదలు. దానికి పదునైన కోర 1970 నాటి సవరణవలన వచ్చినది. ఫిబ్రవరి 3వ తేదీనుండి యది యమలుజరిగెను. ఇక మీదట షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనుడు గాని, గిరిజనేతరుడు గాని భూమిని గిరిజనునకో గిరిజనుల సహకారసంఘమునకో తప్ప నన్యులకు బదలాయింపరాదు. రెండవది మన వాక్యము: గిరిజనేతరుని స్వాధీనమున నున్న స్థిరాస్తిని, కాదని నిరూపణమగు వఱకు, వాడో వాని పూర్వస్వాధీనుడో గిరిజనునివలన బదలాయింపుచే పొందియున్నట్లు ఊహింపవలెను. ‘షల్ బి ప్రిజ్యూమ్డ్ టు హావ్ బీన్ అక్వయర్డ్.’

ఈ యొక్క క్రియాబంధమును విప్పి చూడుడు. ‘షల్’ అనుటచే న్యాయాధికారికి స్వేచ్ఛ లేదు. ‘బి ప్రిజ్యూమ్డ్’ అనుటచే సాక్ష్యమునకు ముందే నిర్ణయము. ‘టు హావ్ బీన్ అక్వయర్డ్’ అనుటచే ఊహ నేటిది, కార్యము నిన్నటిది. తాత కాలమున నేమి జరిగెనో మనుమని నాడు ఊహించుటకు ఆంగ్లభూతతుమున్నంతము దారి యిచ్చినది. 1882లో వెదురుమోపు మోయు పడుచుపై పడిన బరువు, 1970లో భూమి నాక్రమించి కూర్చున్నవానిపై పడినది. క్రియ అదే, ‘టు’ అదే, కర్త యప్పుడును ఇప్పుడును కానరాడు. మాఱినది ఆ వాక్యమున నెవ్వని నెదుట నిలువబెట్టిరో అదియొక్కటే. కాబట్టి యీ వాక్యరీతి స్వభావముచే దుష్టమనువారితో నేనేకీభవింపను. దాగియున్న కర్తను వెదకి పట్టుకొనువానికి నది పనిముట్టు. వెదుకనివానికి నది యురి.

గిరిజనేతరులు దీనిపై న్యాయస్థానముల కెక్కిరి. మేము వెలయిచ్చి కొంటిమి, మాలోను పేదలు కలరు, ఏమియు నెఱుగని మాపై ఊహ యేల యని వారి వాదము. వారిలో నిజముగా పేదలున్నారు. దానిని కాదనుట న్యాయము గాదు. 1988లో అత్యున్నత న్యాయస్థానము నిషేధమును, ఊహను రెంటిని నిలిపెను. ఆ భూములు మొదట గిరిజనులవే యగుటచే అట్టి ఊహ యుక్తమే యని దాని తీర్పు. నాకును అదియే సమంజసముగా తోచుచున్నది. కాగితము వ్రాయింపగలిగినవాడే కాగితము చూపవలె ననుట అన్యాయమెట్లగును?

అయినను పోయిన భూములన్నియు తిరిగి రాలేదు. కారణములు పెక్కు: గిరిజనుల పేర పట్టాలుంచి యనుభవించు బినామీలు, వెనుకటి తేదీలు వేసిన తెల్లకాగితపు టొప్పందములు, ఏండ్లకొలది సాగు అప్పీళ్లు. వ్యాకరణమున కూడ నొక సందు కలదు. ఆ భూతతుమున్నంతము భూమి ‘ఎవనినుండి’ వచ్చెనో ఊహింపజేయును గాని ‘ఎప్పుడు’ వచ్చెనో చెప్పదు. నిబంధనము వెనుకటికి చెల్లదు గనుక ‘మా కొనుగోలు శాసనమునకు ముందటిది’ యనువాని వాదమంతయు నా సందులోనుండియే సాగుచున్నది. ప్రత్యేక ఉపకలెక్టరు కోర్టులలో జరుగు వ్యవహారములందు తేదీ యెంత ముఖ్యమో, కోయకుటుంబములు ముందుగా నెఱిగియుండిన పాతరసీదులను పిడకలదుత్తలలో పాఱవైచి యుండెడివారు గారు.

రాజ్యాంగములోను ఈ రీతి యున్నది. షెడ్యూల్డు తెగలనగా నెవ్వరు? 342వ యధికరణముక్రింద నీ రాజ్యాంగప్రయోజనములకొఱకు అట్టివారుగా ‘డీమ్డ్’ అయినవారని 366వ యధికరణము. కోయవాడు కోయవాడగుటకు ఎవ్వరి తీర్పును అక్కఱలేదు. షెడ్యూల్డు తెగవాడగుటకు మాత్రము రాష్ట్రపతి ప్రకటన కావలెను, ఆ ప్రకటన మార్చుటకు పార్లమెంటు శాసనము కావలెను. ఇచ్చట కర్త తలుపు చాటున లేడు, పేరుతో నున్నాడు. దీని ఫలమెట్లుండునో మన ప్రాంతమే సాక్షి. 1976 నాటి సవరణశాసనమునకు ముందు లంబాడీలు ఆంధ్రప్రాంతపు పట్టికలో నుండిరి, తెలంగాణపు పట్టికలో లేరు. ఒక్క భాష, ఒక్క వేషము, ఒక్క తండాచుట్టరికము గలవారే ఒకవంక తెగయైరి, మఱియొకవంక కాకపోయిరి. ఆ సవరణ వారినందఱిని ఒక్కటిగా నెంచెను. పాణిని స్థానివద్భావమునకు హద్దు గీచినట్లు శాసనమును తన కల్పనకు హద్దు గీయును. హద్దు జరిగినపుడు లోపలివారెవరు, వెలుపలివారెవరు నను ప్రశ్న వేలకుటుంబముల యన్నము ప్రశ్నయగును.

2006 నాటి అటవీహక్కుల శాసనమునందు నాకు మిక్కిలి నచ్చినది యొకటి కలదు. హక్కుల నిర్ణయమును మొదలిడు అధికారము గ్రామసభదని యది స్పష్టముగా కర్తను పేర్కొనెను. గూడెపువారు తాము కూర్చుండి, తమ పోడు ఎల్లలను తాము చెప్పి, తాము తీర్మానింతురు. మీది కమిటీలలో పిదప నేమగుచున్నదన్నది వేఱుమాట. వాక్యమైనను నిటారుగా నిలిచినది. పొలము సాగు 2005 డిసెంబరు 13వ తేదీకి ముందటిదై యుండవలెనను నియమమును గిరిజనేతరులైన చిరకాల అటవీవాసులు మూడు తరముల నివాసమును చూపవలెనను నియమమును గూడ నందున్నవి. తేదీలు మఱల వచ్చినవి గదా!

ఇట్టి శాసనములను తెనుగు చేయునపుడు ‘ఊహింపబడును’, ‘పరిగణింపబడును’, ‘భావింపబడును’ అను మూడు మాటలను కలగాపులగముగా వాడుట మన కార్యాలయములకు అలవాటు. ఆంధ్రప్రదేశమున 1966లో తెలుగు అధికారభాషయైనది. ఆ మాటలు మాత్రము గూడెమునకు చేరలేదు. ‘డీమ్డ్’కు ‘అట్లేయని తీర్పు’ అనియు, ‘ప్రిజ్యూమ్డ్’కు ‘కాదని చూపువఱకు అట్లేయని యెంచవలెను’ అనియు భేదముంచి వ్రాయుట కష్టము గాదు. 1970 నాటి వాక్యమును నేనైనచో నిట్లు వ్రాయుదును: ‘షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరుని చేతిలో భూమి యున్నచో, అది గిరిజనునినుండియే వచ్చినదని న్యాయాధికారి యెంచవలెను. కాదన్నచో ఆ గిరిజనేతరుడే నిరూపింపవలెను.’ మూడు క్రియలకును కర్తలున్నవి. సంతలో నిలుచుండి చదివినను తెలియును. కోయభాషలోనికి మార్చుటయు సులభము, ఏలయన ఆ భాషయు తెనుగునకు చుట్టమే.

2014లో తెలంగాణము వేఱు రాష్ట్రమైనపుడు పోలవరము ఆనకట్టకొఱకు చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మొదలగు ఏడు మండలముల భూభాగమును ఖమ్మము జిల్లానుండి తీసి ఆంధ్రప్రదేశమున కలిపిరి. భద్రాచల పట్టణము తెలంగాణములో నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఆ పట్టణము దాటి కొన్ని మైళ్లు పోయినచో రాష్ట్రమే మాఱును. 1959 నాటి నిబంధనమును, దానికి 1970లో చేర్చిన ఆ వాక్యమును రెండు రాష్ట్రములలోను నేటికిని అమలులో నున్నవి.